దొరకు సిగ్గు నేర్పిన టోపీ

దొర ఆ ఉదయం మూడు వందల మందిని చంపి, సమయపాలనలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నాడు.

చచ్చినవాళ్ళు లెక్కలో మనుషులే కాని లోకంలో మనుషులు కారు. వాళ్ళెక్కిన ప్యాసింజరు కంప్యూటరు తెర మీద పాకే ఒక ఆకుపచ్చ గీత. ఆ మాటకొస్తే దొర కూడా మనిషి కాడు. చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరు చేసే పనిని మనిషి లేకుండా చేయించాలని, జంక్షన్ ఊళ్ళోని సిగ్నలు పరిశోధనశాలలో తయారవుతున్న యంత్రం. ఎవరికీ జవాబు చెప్పడు, తప్పు ఒప్పుకోడు, కూర్చున్న చోటునుంచి లేవడు. ఇన్ని లక్షణాలున్నవాణ్ణి దొర అనక ఇంకేమంటారని ఆ పేరు పెట్టినవాడు ఈరన్న.

ఈరన్న ఆ పరిశోధనశాలకు పెద్ద. డాక్టర్ ఈరన్న. "చేతిలో పట్టాలు మూడు, కాళ్ళ కింద పట్టాలు రెండు, ఐదింటి మీద పరిగెత్తే బండిని నేను" అని తన గురించి తానే చెప్పుకుని, అందరికంటే ముందు తానే నవ్వేవాడు. ఆ నవ్వు ఇంజను కూతలాంటిది. మనిషి రాకముందే వచ్చేది, వెళ్ళాక కూడా కాసేపు గదిలో తిరుగుతూ ఉండేది.

"మళ్ళీ తోక చూడకుండానే బండి వచ్చేసిందన్నాడు సార్," అంది ఫర్హానా. దొరకు బుద్ధులు నేర్పే పని ఆమెది. పాతికమంది పిల్లలున్న బడి పంతులమ్మకైనా అంత విసుగు ఉండదు.

తోకంటే ఏమిటో తెలియాలంటే రైళ్ళ కాపురం కొంచెం తెలియాలి. స్టేషనుకూ స్టేషనుకూ నడుమ ఉన్న దారి ఒక ఒర. అందులో ఒకే కత్తి ఇముడుతుంది. అందుకని వెనక స్టేషనువాడు పిల్లను పంపే వియ్యంకుడిలా "పంపమంటారా?" అని ముందు స్టేషనువాణ్ణి అడగాలి. ముందువాడు "దారి ఖాళీ, పంపండి" అంటేనే బండి కదలాలి. బండి చేరాక, దాని ఆఖరి పెట్టె వెనక వేలాడే పసుపుపచ్చ పలకను ముందువాడు కళ్ళారా చూసుకోవాలి. దాన్ని ఎల్వీ బోర్డంటారు, లాస్ట్ వెహికిల్ అని. నోరు తిరగనివాళ్ళు తోకంటారు. తోక కనబడితే బండి పూర్తిగా వచ్చినట్టు. కనబడలేదంటే పెట్టెల్ని కలిపే కొలికి ఊడిపోయి, నాలుగు పెట్టెలు నడిదారిలో నిలబడిపోయాయేమోనని అనుమానించాలి. అది చూడకుండా "వచ్చేసింది" అన్నామంటే, వెనకవాడు ధైర్యంగా ఇంకో బండిని ఆ పెట్టెల మీదికి తోలుతాడు.

ఇదంతా దొరకు నేర్పారు. కాని వేలసార్లు తోక ఉండనే ఉంది కదా, చూడ్డం దండగని దొర తనంతట తానే ఇంకో పాఠం నేర్చుకున్నాడు. మార్కులు కోశారు. కోసినవి పక్కన రాసుకుని, మిగిలిన టైముతో బేరీజు వేసి, ఎప్పుడో ఒక ప్రమాదం లాభసాటి బేరమేనని తేల్చాడు. దొరకు తప్పంటే ఖర్చు. మనిషికి తప్పంటే ముఖం.

"వీనికి సిగ్గు లేదు ఫర్హానా," అన్నాడు ఈరన్న. "సిగ్గు లేనోనికి సిగ్నలెందుకు చెప్పు?"

కూత వేసినట్టు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు. ఆ ఆగడంలోంచే టోపీ పుట్టింది.

చూడ్డానికి చలికాలం టోపీయే. లోపల మాత్రం వెంట్రుకలకన్న సన్నని తీగలు. తలలో సిగ్గు లేచినప్పుడు లేచే అలను పట్టి, తెర మీద ఎర్రగీతగా గీస్తుంది. పక్కనే నవ్వుకు నీలిగీత. ఆ ఎర్రగీతను దొర లోపల అచ్చు వేస్తే, "వచ్చేసింది" అనే మీట నొక్కేముందు దొర కూడా మనిషిలాగా జంకుతాడని ఈరన్న ఊహ.

"బాగుంది సార్. ఎవరి సిగ్గు తీద్దాం?" అంది ఫర్హానా.

"ఇంట్లో పెట్టుకోని ఊరంతా వెదకాల్నా?" అన్నాడు ఈరన్న. "నాకొక బావమరిది ఉండాడు."

*

మద్దిలేటి బూదికొండ రోడ్ స్టేషన్ మాస్టరు. స్టేషన్ పేరులో రోడ్డుంది. స్టేషన్నుంచి బూదికొండకు మాత్రం రోడ్డు లేదు. ఈ ముక్క మొదట అన్నవాడూ ఈరన్నే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మద్దిలేటి తోక చూడలేదు. గూడ్సు బండి లోపలికొస్తుంటే ఫోను మోగింది, అటు తిరిగాడు, ఇటు తిరిగేసరికి బండి ఆగి ఉంది. వెనకనున్న ముద్దలదిన్నె స్టేషనుకు "వచ్చేసింది" అని చెప్పేశాడు. చెప్పాక అనుమానం వచ్చింది. చూశానా, చూడలేదా? వెంటనే ఫోనెత్తి, "నేను తోక చూడలేదు, నాదే తప్పు, ప్యాసింజరును కదలనియ్యొద్దు" అన్నాడు. ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తి చూస్తే తోక లేదు. రెండు పెట్టెలు మలుపులో ఎండకు కాగుతూ నిలబడి ఉన్నాయి. ప్యాసింజరు ముద్దలదిన్నెలోనే ఆగింది. ఎవరి ఒంటిమీదా గీత పడలేదు.

ఆ ఫోను చేయకపోతే ఏమయ్యేదో ఆలోచించే ఓపిక చుట్టాలకు లేదు. విచారణయింది, కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టారు, మళ్ళీ కుర్చీ ఇచ్చారు. బంధువుల నోళ్ళలో మాత్రం మద్దిలేటి తోక చూడని కథే తిరిగింది. ఫోను చేసిన సగం కొలికి ఊడి నడిదారిలోనే ఉండిపోయింది. కథను ముందుకు లాగిన ఇంజను ఈరన్న. పెళ్ళిళ్ళలో, నామకరణాలలో, చివరికి పెద్దకర్మ భోజనాల్లో కూడా, మద్దిలేటి గుమ్మంలో అడుగు పెట్టేసరికి "రా తోకయ్యా!" అనేవాడు. పంక్తి మొత్తం విరగబడేది. బావ పరిహాసానికి బావమరిది మొహం మాడ్చుకుంటే, మాడ్చుకున్నవాడిదే తప్పని మనవాళ్ళ చట్టం. మద్దిలేటి కూడా నవ్వేవాడు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర టోపీ సంగతి చెప్పి, "నీ తల కావల్ల తోకయ్యా," అన్నాడు ఈరన్న.

"మొన్నటిదాకా తోక గదా బావా కావాల్సింది!" అన్నాడు మద్దిలేటి. నవ్వాడు. రొట్టె తుంచుతున్న చేయి మాత్రం ఆగింది. "ఆ దొర వస్తే కూచునేది నా కుర్చీలోనే గదా?"

"మొదటి పరీక్ష నీ స్టేషన్లోనే. నెగ్గితే నీకు జంక్షన్లో మంచి పని చూపిస్తార్లే."

"నాకు ఆ కుర్చీ చాలు బావా. అది మళ్ళీ ఇచ్చినప్పుడు, ఇంగ దీన్ని పోగొట్టుకోగూడదు అనుకున్యా."

ఈరన్న భార్య ఉరుకుందమ్మ పప్పు వడ్డిస్తూ మొగుడి వైపు చూసింది. మద్దిలేటి ఆమెకు తమ్ముడు. "వానికి ఇష్టం లేకుంటే వదిలెయ్‌రాదా?"

"ఇష్టం లేదని వాడు అన్నాడా? ఏరా?"

"లేదక్కా," అన్నాడు మద్దిలేటి. "బావ అడిగితే కాదంటానా?"

ఆ రోజు ఈరన్న బావమరిదికి టోపీ పెట్టాడు. తెలుగులో ఆ మాటకున్న రెండో అర్థం అతనికి తెలియక కాదు. వారమంతా పరిశోధనశాలలో అదే చెప్పి నవ్వించాడు.

*

మొదటిరోజు టోపీ పెట్టుకుని మద్దిలేటి బుద్ధిగా కూర్చున్నాడు.

"ఆ మధ్యాహ్నం గుర్తు తెచ్చుకోండి," అంది ఫర్హానా.

అతను కళ్ళు మూసుకున్నాడు. ఎర్రగీత కాస్త లేచింది. దూరంగా కనబడే మెట్టలాగా పొడుగ్గా, వాలుగా, తెగకుండా సాగింది.

"ఇంతేనా? దీంతో దొరకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు," అన్నాడు ఈరన్న.

"చిన్నదే గాని గట్టిగుంది సార్. ఎక్కడా తెగలేదు."

"గట్టిదనం గట్టుమీద పెట్టు. ఎత్తు కావల్ల మనకు." బావమరిది వైపు తిరిగాడు. "ఏం తోకయ్యా, నెత్తిన ఇంత టోపీ పెట్టినా ఇంకా తోక మొలవలేదే!"

ఎర్రగీత కొండయింది.

ఫర్హానా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఈరన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇలాంటి శ్రోత అతనికి జన్మలో దొరకలేదు. నవ్వే మనుషులు నూరుమంది ఉంటారు కాని, మాట విసరగానే ఇంత ఎత్తని కొలిచి చూపించే తెర ఎక్కడుంటుంది?

"హనుమంతుడు తోకతో లంకను కాల్చినాడు. నువ్వు తోక లేక కొంప కాల్చబోతివి!"

ఇంకో కొండ.

"ఎన్నేండ్లకో ఒకసారైనా తోకచుక్క కనబడ్తాదంట. నీకు అదీ లేదు!"

దానిమీద ఇంకోటి. మద్దిలేటి నవ్వుతున్నాడు, భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అప్పుడు ఈరన్న చూపు తెర మీద రెండో గీత మీద పడింది. నీలిది, నవ్వుది. అది పరిచిన చాపలా కింద పడుకుని ఉంది. నోరు ఇంత తెరుచుకుని నవ్వుతున్న మనిషి లోపల నవ్వనేది లేదు.

ఈరన్నకు అర్థమైంది. అర్థం కాలేదని తర్వాత ఎవరితోనైనా చెప్పుకోవడానికి వీల్లేనంత తేటగా అర్థమైంది. ఇన్ని పెళ్ళిళ్ళు, ఇన్ని పంక్తులు, ప్రతిసారీ ఈ చాప ఇలాగే పడుకుని ఉండేదన్నమాట.

"చాలు సార్," అంది ఫర్హానా మెల్లగా.

ఆపాల్సింది. కాని సరిగ్గా ఆ క్షణంలోనే నాలుక చివర ఇంకో మాట తయారైంది. చక్కని మాట. దాన్ని మింగడం అతనికి చేతకాలేదు.

"ఇంకొక్కటి," అన్నాడు.

ఆ ఒక్కటి సాయంత్రందాకా సాగింది. మర్నాడు కూడా.

*

గీతలన్నీ అచ్చు తీసిన పొడుగాటి కాగితాన్ని ఈరన్న ఇంటికి తెచ్చి మంచం మీద పరిచాడు. గొప్ప చెప్పుకోవడానికే తెచ్చాడు. తెచ్చాక నోరు రాలేదు.

ఉరుకుందమ్మ చేటలో కందులు ఏరుతోంది. "ఏంది ఇవి, కొండలు గుంతలు?"

"మీ తమ్ముని సిగ్గు."

"కొండ ఎందుకు లేస్తాది?"

"నేనొక మాట అన్నప్పుడు."

"మరి ఈ గుంతలు?"

"అవి నేను ఊపిరి పీల్చుకునే సందులు."

చేట ఆగింది. "అంటే, నువ్వు నోరు మూస్తేనే వానికి ఊపిరాడిందన్న మాట."

ఈరన్న కాగితం అంచు మడిచాడు.

"నేను గూడా నగినా," అందామె మళ్ళీ. "ఇంతమందిలో గట్టిగా నగినదాన్ని నేనే. అక్కను గదా, నేను నగితే వానికి ధైర్యంగా ఉంటాదనుకుంటి." చేట పక్కన పెట్టేసింది. "తీసెయ్ దీన్ని. వాని తలకాయలోంచి తీసింది యాడా అతికించొద్దు."

"ఎట్ల తీసేదిమే? పెద్ద సార్లు వస్తాండారు. అచ్చేసినాక దొర ప్రతి బండికీ తోక చూస్తాండాడు. ఒక్కటి తప్పలేదు. మనుషుల ప్రాణాలు గదా?"

ప్రాణాల మాట నిజమే. నిజమైన మాటను అడ్డం పెట్టుకున్నాడన్నది కూడా నిజమే. రెండూ తెలిసే కాగితం చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

*

పరీక్షనాడు బూదికొండ రోడ్ స్టేషనుకు ఎన్నడూ లేనన్ని బూట్లు వచ్చాయి. పెద్ద సారు విశ్వంభరం గారు, ఆయన వెనక నలుగురు, వాళ్ళ వెనక ఉగ్గాని బజ్జీల గిన్నెలు. మాస్టరు గదిలో కుర్చీ తీసేసి, అక్కడ బూడిదరంగు పెట్టెను నిలబెట్టారు. దొర. కుర్చీ గోడవారకు చేరింది. మద్దిలేటి దానిమీద కూర్చోలేదు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో తలుపు పక్కన నిలబడ్డాడు.

ఏర్పాటు తేలిక. వచ్చే గూడ్సుకు ముందే తోక పలకను ఊడదీసి ఉంచారు. పెట్టెలన్నీ ఉంటాయి కాని, తోక ఉండదు. దొర అది గమనించాలి, సిగ్నళ్ళన్నీ ఎర్రచేయాలి, ముద్దలదిన్నెకు ఫోనులో "బండి పూర్తిగా రాలేదు, వెనక బండిని పంపవద్దు" అని చెప్పాలి. అక్కడ నిజమైన ప్యాసింజరు, నిజమైన జనంతో ఎదురుచూస్తోంది.

గూడ్సు వచ్చింది. స్తంభం మీది కెమెరా ఆఖరి పెట్టెను చూసింది. దొర ఒక్క క్షణం జంకాడు. ఆ జంకును ఈరన్న గుర్తుపట్టాడు. రొట్టె తుంచుతూ ఆగిన మద్దిలేటి చేయి అది. సిగ్నళ్ళు ఎర్రబడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. దొర ఫోను కలిపి, "బండి పూర్తిగా..." అని మొదలుపెట్టాడు.

"చూసినారా సార్!" అని ఈరన్న పట్టలేక అరిచాడు. "దొరకు సిగ్గొచ్చింది! తోక లేదని మా తోకయ్య చెప్పకముందే చెప్పినాడు!" ఇంజను కూత లేచింది.

దొర మాట మధ్యలో తెగిపోయింది.

గదిలో దీపాలన్నీ ఎర్రగా మారాయి. పక్కలైను సిగ్నలు, గేటు సిగ్నలు, ఈ పరీక్షతో సంబంధం లేని అవతలి దిక్కు సిగ్నలు, అన్నీ. ముద్దలదిన్నె నుంచి మాస్టరు "హలో, హలో, ఏమైందబ్బా, పంపాల్నా వద్దా?" అంటున్నాడు. దొర పలకలేదు.

"ఏమయ్యా, సిగ్గు మరీ ఎక్కువ పోసినట్టున్నారే!" అన్నారు విశ్వంభరం గారు. నలుగురూ నవ్వారు. మెల్లగా తేరుకుని "బండి పూ..." అన్నంతవరకూ వచ్చిన దొర మళ్ళీ నోరు మూసుకున్నాడు.

ఈరన్న బుజ్జగించాడు. గట్టిగా మాట్లాడాడు. ఇంకో ఛలోక్తి విసిరి వాతావరణాన్ని తేలిక చేయబోయాడు. చేసిన కొద్దీ దొర ఎర్రబడి బిగుసుకుపోయాడు.

"సార్, ఒక్క నిమిషం మీరు మాట్లాడొద్దండి," అంది ఫర్హానా. అందరినీ నోటిమీద వేలు పెట్టి ఆపింది. గదిలో ఫంకా చప్పుడు మిగిలింది. కాసేపటికి ఒక దీపం పసుపైంది. దొర అణిగిన గొంతుతో ఫోనులో, "బండి పూర్తిగా రాలేదు. వెనక బండిని పంపవద్దు," అన్నాడు.

ఆమె ఈరన్న వైపు చూసింది. అందరికీ వినబడేలా చెప్పడం ఆమెకూ ఇష్టం లేదు, కాని పెద్ద సారు ఏమిటేమిటని అడుగుతుంటే చెప్పక తప్పలేదు. "తప్పు చేశానన్న సిగ్గు దీంట్లోకి ఎక్కలేదు సార్. నలుగురు నవ్వుతారన్న సిగ్గు ఎక్కింది. మొదటిది ఉంటే ఫోనెత్తి చెప్పేస్తారు. రెండోది ఉంటే దాక్కుంటారు. మాటలతో, నవ్వుతో కలిపి మనం రికార్డు చేసిందంతా రెండోదే."

"ఎవరి రికార్డు?" అన్నారు విశ్వంభరం గారు.

ఎవరూ చెప్పకుండానే నలుగురి చూపులూ తలుపు పక్కనున్న తెల్లచొక్కా మీదికి వెళ్ళాయి. ఒకతను కిసుక్కుమన్నాడు. బయట స్తంభాల మీద, కనుచూపు మేర, సిగ్నళ్ళు మళ్ళీ ఎర్రగా కందిపోయాయి. మద్దిలేటి వాటి వైపే చూస్తున్నాడు. ఇన్నాళ్ళు అతను నవ్వు కింద దాచుకున్నదంతా ఇప్పుడు స్తంభాలెక్కి, మైలు దూరం నుంచి కనబడుతోంది.

"దీనికింత హైరానా ఎందుకండీ?" అన్నారు విశ్వంభరం గారు తేల్చేస్తూ. "యంత్రం చెవులు మూసేయండి. బయటి మాట వినబడకుండా చేస్తే సరి. లోపల ఏమున్నా ఉండనీయండి, పని చేస్తోంది కదా! వంద స్టేషన్లకు ఇదే అచ్చు వేద్దాం. బజ్జీలు చల్లారిపోతున్నాయి, పదండి."

లోపల ఏమున్నా ఉండనీయండి, పని చేస్తోంది కదా. ఈ ముక్కను ఇంత పచ్చిగా ఎవరూ అనలేదు గాని, ఇన్నేళ్ళూ పెళ్ళి పందిళ్ళలో తను చేసింది ఇదేనని ఈరన్నకు తోచింది. చెవులు కాలిపోయాయి. టోపీ తన నెత్తిన ఉండి ఉంటే తెర చాలేది కాదు.

*

సార్లందరూ బజ్జీల వైపు వెళ్ళారు. మద్దిలేటి ప్లాట్‌ఫారం చివర, నీళ్ళగొట్టం దగ్గర నిలబడ్డాడు. ఈరన్న వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"పరీక్ష నెగ్గినట్లే గదా బావా," అన్నాడు మద్దిలేటి. అని, అలవాటుగా నవ్వాడు.

"నగొద్దురా," అన్నాడు ఈరన్న. "నీ నగువు నేను గీతలో చూసినా. అది నగువు గాదు."

మద్దిలేటి నవ్వు అలాగే మొహం మీద కాసేపు ఉండి, దిగిపోయింది.

"ఎప్పుడు చూసినావు?"

"మొదటి రోజే."

"మొదటి రోజే చూస్తివా." అతను గొంతు పెంచలేదు. "మరి నిలపకపోతివి ఎందుకు బావా? సాయంత్రందాకా అన్యావు. మర్నాడు గూడా అన్యావు."

అబద్ధాలు నాలుగు వరసగా వచ్చి నిలబడ్డాయి. శాస్త్రం కోసమని ఒకటి, ప్రయాణికుల ప్రాణాల కోసమని ఒకటి. ఈరన్న వాటిని ఒక్కొక్కటే పక్కకు తప్పించాడు.

"బాగా వస్తాండెరా," అన్నాడు. "మాటలు బాగా వస్తాండె."

అంతకన్న సిగ్గుమాలిన వాక్యం తన జీవితంలో అనలేదు. అందులో చమత్కారం చుక్క కూడా లేదు.

మద్దిలేటి పట్టాల వైపు తిరిగాడు. "ఆ దొర వంద స్టేషన్లలో కూచుంటాడు గదా. వందచోట్లా వాడు నా మాదిరి లోపల్లోపల... వాడు యంత్రమే కావచ్చు బావా. అయినా అది నాది. తీసెయ్."

"తీసేస్తే దొర మళ్ళీ తోక చూడడు. వీళ్ళు నన్ను బతకనియ్యరు."

"నీ ఇష్టం మరి." అతను నవ్వకుండా అన్నాడు. మొదటిసారి.

ఈరన్న గదిలోకి నడిచాడు. ఫర్హానా యంత్రం ముందు కూర్చుని ఉంది. అతను తాళంచెవి తీయడం చూసి అడ్డం రాలేదు సరికదా, కుర్చీ పక్కకు జరిపింది. అచ్చు మొత్తం చెరిగిపోవడానికి ఉగ్గాని ప్లేటు ఖాళీ అయ్యేంత సేపు కూడా పట్టలేదు. బయట సిగ్నళ్ళు ఒక్కొక్కటే ఆరిపోయి, మనిషి చేతి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాయి.

విశ్వంభరం గారు మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి పని అయిపోయింది. "ఏం చేశారండీ మీరు? మీ ప్రాజెక్టు మీరే తగలేసుకుంటారా? అంత కష్టపడి..."

"కష్టపడింది నేను గాదు సార్," అన్నాడు ఈరన్న. "మా బావమరిది. ఆ మనిషి తప్పు చేసి, ఎవురూ అడక్కముందే ఫోనెత్తి చెప్పినోడు. ఆ బుద్ధి మొదటిరోజే గీతలో వచ్చింది. చిన్నదని నేను పారేసినా. ఆయన్ని ఎగతాళి చేసి, ఆ నొప్పి తీసి మీ యంత్రంలో పోసినా. ఏం శిక్ష వేస్తారో నాకు వెయ్యండి. మళ్ళీ అచ్చు వెయ్యమంటే మాత్రం వెయ్యను."

పెద్ద సారు ఇందులో ఏదైనా హాస్యం ఉందేమోనని అలవాటుగా ఒక క్షణం ఆగి చూశారు. లేదని తెలిసి, మొహం తిప్పుకుని జీపెక్కారు. ఆ జీపు వెంట పరిశోధనశాల పెద్దరికం కూడా వెళ్ళిపోతోందని ఈరన్నకు తెలుసు.

మద్దిలేటి గోడవారనున్న కుర్చీని లాక్కుని బల్ల ముందు వేసుకున్నాడు. ఫోనెత్తి ముద్దలదిన్నెను గూడ్సు ఆఖరి పెట్టె నంబరు అడిగాడు. గూడ్సు వెనకదాకా వెళ్ళి ఆఖరి పెట్టెను, దాని నంబరును చేత్తో తాకి చూసుకుని వచ్చాడు. ముద్దలదిన్నె మాస్టరు "పంపమంటారా?" అని అడిగితే ప్యాసింజరును పంపమన్నాడు. బావ వైపు చూడలేదు.

ఈరన్న బయట సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. ఉరుకుందమ్మ ఫోను చేసింది.

"ఏమాయ?"

"తీసేసినా."

"వాడు ఏమన్యాడు?"

"ఏమీ అనలే."

"నగినాడా?"

"నగలే. మొహం గూడా చూడలే."

అవతల గాలి వదిలిన చప్పుడు వినబడింది. "మంచిదాయ. అంటే వానికి ఇప్పుడు నిజంగా కోపమొచ్చింది. ఇన్నాళ్ళకు. నువ్వు ఇంటికి రావొద్దు, ఆడే కూచో. తిట్టేదాకా కూచో. మధ్యలో నోరు తెరిచినావంటే చూడు."

ప్యాసింజరు వచ్చింది. మద్దిలేటి తలుపు దగ్గర నిలబడి ఒక్కో పెట్టెనూ చూపుతో దాటించాడు. ఆఖరి పెట్టె పోయాక, లోపలికి వెళ్ళి చెప్పాల్సినవాళ్ళకు చెప్పి, బయటికి వచ్చి బెంచీకి అటు చివర కూర్చున్నాడు. నడుమ ఇద్దరు పట్టేంత చోటు.

"మా చిన్నాయన కూతురి పెండ్లి," అన్నాడు మద్దిలేటి. "ఆడ నువ్వు మైకు పట్టుకోని అన్యావు చూడు, నా పెండ్లాం పక్కనుండగా. ఆడినుంచి మొదలుపెడ్తా. వింటావా?"

ఈరన్న తల ఊపాడు. మద్దిలేటి మొదలుపెట్టాడు.